బోరుకొచ్చిన పద్మిని

మా అబ్బాయి ఏ సంగతైనా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. మొన్న ఆదివారం పొద్దున లోచో తింటూ, "దాన్ని పీకి పారేసి మారుతి ఇంజను పెట్టించు నాన్నా" అన్నాడు. వేళ్ళకంటిన సేవు నాక్కుంటూ అన్నాడు. నాకు కోపం వచ్చింది మాటకి కాదు, ఆ నాకుడికి. కొన్ని మాటలు చెయ్యి కడుక్కుని వచ్చి అనాలి.

సంగతేమిటంటే, మా పద్మిని కారు బోరుకొచ్చింది. 1984 మోడలు, 1089 సీసీ, గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండే రకం. 1991లో మా నాన్న ఒక సేటు దగ్గర సెకండ్ హ్యాండులో కొన్నాడు. పద్మశాలీల ఇంటికి పద్మిని రావడం పేరుకు పేరు కుదిరిందని మురిసిపోయేవాడు. అది చిత్తోడు రాణి పేరని ఎవరు చెప్పినా వినేవాడు కాదు. సినిమా పద్మిని పేరేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మా అమ్మకు బొత్తిగా నచ్చేది కాదు.

ఇప్పుడు పొద్దున్నే స్టార్ట్ చేస్తే సూరత్ లింబాయత్‌లో మా సందంతా పొగ. తెల్లగా వస్తే నీళ్ళు, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైనట్టు, నీలంగా వస్తే ఆయిలు మండుతున్నట్టు. మాది నికార్సయిన నీలం. ఎదురింటి గుజరాతీ బెన్ ఆరేసిన బట్టలు తీసుకుని, నాకేసి ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోతుంది. తిట్టినా బాగుండు.

ఉధనా దర్వాజా దగ్గర ముసలి మెకానిక్కు ఒకాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. నాలుగు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ చూశాడు. మూడో సిలిండరు మరీ నీరసంగా ఉంది. ఆ రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూశాడు. ముల్లు లేచింది. లేస్తే తప్పు రింగులదో బోరుదో, లేవకపోతే వాల్వులది. ఆపైన హెడ్డు విప్పి, "వేలు పెట్టు" అన్నాడు. పెట్టాను. సిలిండరు పై అంచుకు కాస్త కింద గోరు ఆగిపోయింది. చిన్న మెట్టు. పై రింగు తిరిగినంత మేరా గోడ అరిగిపోయింది. రింగు అందుకోలేని ఆ కాస్తా మాత్రం అలాగే ఉండిపోయింది. కుర్లా ఫ్యాక్టరీలో పెట్టిన 68 మిల్లీమీటర్ల కొలత ఆ సిలిండరు పైభాగంలో ఇక ఆ గోరెడు చోటులోనే మిగిలి ఉంది.

ఆ మెట్టు తగలగానే నాకు పాత పగ ఒకటి గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కింద ఒక మహానుభావుడు "ఫుల్ ఇంజను ఎందుకు సాబ్, హాఫ్‌తో సరిపోతుంది" అని, అరిగిన బోరులోనే కొత్త రింగులు దూర్చాడు. బోరు కోడిగుడ్డులా అయిపోయి ఉంటే గుండ్రటి రింగు ఏం చేస్తుంది? పైగా కొత్త రింగు అంచు పదునుగా వెళ్ళి ఆ మెట్టుకు కొట్టుకుంటుంది. ఆరు నెలల్లో పై రింగు విరిగింది. మళ్ళీ వెళ్తే, "మీరు గట్టిగా తోలారు" అన్నాడు. నేను గట్టిగా తోలానట! పద్మినిని! నలభై దాటితే నా పక్కన కూర్చున్నవాళ్ళు నిద్రపోతారు. ఆ మాట ఇప్పటికీ స్నానం చేస్తుంటే గుర్తొస్తుంది, అప్పుడు నోటికొచ్చి ఉండాల్సిన జవాబులన్నీ ఇప్పుడొస్తాయి.

పాత ఇంజను తీసి వేరేది పెట్టడం గుజరాత్‌కి కొత్తేం కాదు. సౌరాష్ట్ర వైపు ఛకడా చూడండి. ముందు బుల్లెట్ మోటార్‌సైకిల్ మొహం, వెనక తొట్టి, నడపడానికి డీజిలు ఇంజను. పాతిక మందిని ఎక్కించుకుని కూడా పోతుంది. నాకు ఛకడా అంటే గౌరవమే. కానీ అది పుట్టుకతోనే ఛకడా.

కాగితాల గొడవ వేరే ఉంది. ఇంజను మారిస్తే ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్సీలో నంబరు మారాలి. అదీకాక 2021లో కేంద్రం ఒక నిబంధన తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసి, 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజను మాత్రం మార్చి ఉండకూడదు. మాది 2034కి అర్హత పొందుతుంది. అప్పటికి నాకు డెబ్బై రెండు. మా ఇద్దరిలో ఫిట్‌నెస్ ముందు ఎవరికి తప్పుతుందో చూడాలి. పైగా వింటేజ్ అయ్యాక ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిరగనివ్వరు. కూరగాయలకు పోవడానికి వీల్లేని కారు మా ఆవిడ దృష్టిలో కారే కాదు.

చాచా ఇంకోమాట కూడా అన్నాడు. బొంబాయిలో పద్మిని టాక్సీలు తిరిగినన్నాళ్ళు సామానుకు కొదవ లేదు. 2023 అక్టోబరుతో వాటి కథ ముగిసింది. బోరు చేయించేటట్టయితే పిస్టన్లు దొరికేటప్పుడే చేయించు, నీ తీరిక కోసం దుకాణం ఆగదు, అని.

మా అబ్బాయికి అర్థం కానిదొకటుంది. సిరిసిల్లలో మేం సాంచె అంటాం, సూరత్‌లో సంచా అంటారు, రెండూ మరమగ్గమే. ఊరు మారినా మాట పెద్దగా మారనందుకే మా నాన్న ఇక్కడ నిలదొక్కుకున్నాడని నా అనుమానం. ఆయన జాబరు, అంటే సాంచెలు సరిచేసేవాడు. ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, చప్పుడు విని, లోపలికి పోకుండానే ఫలానా సాంచెకు తోలుపట్టా వదులైందని చెప్పేవాడు. వాటర్‌జెట్ మగ్గాలు వచ్చాక ఆ పాత సాంచెలు కిలోల లెక్కన తుక్కుకి పోయాయి. కాటా దగ్గర నిలబడి, "ఏడో నంబరు జాగ్రత్తరా, దానికి ఎడమవైపు బరువెక్కువ" అని హమాలీలకు చెబుతున్నాడు. పగలగొట్టడానికి తీసుకుపోతున్నదానికి!

అందుకని లేతు షాపులో బోరు చేసిన బ్లాకు ఒకటి చూసినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. బోరు కొట్టాక రాళ్ళతో హోనింగు చేస్తే లోపలి గోడ మీద సన్నటి అడ్డగీతలు పడతాయి, ఒకదాన్నొకటి కోసుకుంటూ. ఆయిలు ఆ గీతల్లోనే నిలుస్తుంది. మరీ నున్నగా ఉంటే జారిపోతుంది. టార్చి వేసి చూస్తే అచ్చం పడుగూ పేకా. ఇనుము మీద నేత. నాన్న చూసుంటే ఇంచీకి ఎన్ని పోగులో లెక్కపెట్టేవాడు.

ఆయన ఈ కారుని ఒక్కసారే సిరిసిల్ల దాకా తోలాడు, 1996 మేలో, మా పెదనాన్న కూతురి పెళ్ళికి. ఎప్పుడూ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగేవాళ్ళం, ఆసారి టికెట్లు దొరకలేదు. నవాపూర్, ధూలే, చాలీస్‌గావ్ దాటి కన్నడ్ ఘాట్ ఎక్కుతుంటే మిట్టమధ్యాహ్నం నీళ్ళు మరిగిపోయాయి. నేను బిందె పట్టుకుని పరిగెత్తితే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. హెడ్డు అల్యూమినియం, కాలుతున్నప్పుడు చల్లటి నీళ్ళు పోస్తే వంగుతుంది. కూర్చో. కూర్చున్నాం. అమ్మ మజ్జిగ చెంబు తీసింది. కింద నుంచి ఒక లారీ మూలుగుతూ వచ్చి ఆగింది, గుజరాత్‌లో పసుపు దింపి తిరిగిపోతున్న ఆర్మూరు లారీ. డ్రైవరు దిగి బానెట్లోకి తొంగిచూసి, మా మాటలు విన్నాడు.

"మనోళ్ళేనా? ఏ ఊరు మీది?"

"సిరిసిల్ల."

"ఇంజనేం కాలే పెద్దాయనా. జర చల్లారనియ్యున్రి." అని అమ్మ ఇచ్చిన మజ్జిగ ఎత్తిపోసుకుని తాగి, వాళ్ళ మేనత్తనిచ్చింది వేములవాడ దగ్గరేనని మొదలుపెట్టాడు. ఎవరింటికి, ఏ వాడ, ఆయన సాంచెలు నడిపిస్తాడా బీడీల కంపెనీలో ముకద్దమా అని నాన్న అడుగుతున్నాడు. ఖాళీ లారీలోంచి ఇంకా పసుపు వాసన వస్తోంది. ఇంజను చల్లారి ఎంతసేపయిందో ఎవరూ చూడలేదు.