దిన్నె క్రింది నీరు

మీట నొక్కితే నీరు వస్తుంది. మరల నొక్కితే ఆగుతుంది. ఇంత సులభమైన పనిలో ఆలోచింపవలసినది ఏమున్నదని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. కాని నెల్లూరు జిల్లా బోగోలు మండలములోని మా జువ్వలదిన్నె వంటి తీరగ్రామమున ఇంటి మోటారు కేవలము ఒక సౌకర్యము కాదు. అది బావి ఆయుర్దాయమును నిర్ణయించే వస్తువు. మా ఇంట మోటారును, ప్రెషరు ట్యాంకును అమర్చుకొన్న అనుభవము నాకు ఈ సంగతిని నేర్పినది.

దిన్నె అనగా మిట్ట. మాకు తూర్పున బంగాళాఖాతము, కాళ్ళ క్రింద ఇసుక. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములు తెచ్చే వానలే మా తీరమునకు ప్రధానాధారము. ఆ వాననీరు ఇసుకలో ఇంకి, అడుగుననున్న ఉప్పునీటిపై తేలియుంటుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. పాలపై మీగడ నిలిచినట్లే ఇదియు. 19వ శతాబ్ది చివర డచ్చి ఇంజనీరు బాడన్ గైబెన్, 1901లో జర్మన్ ఇంజనీరు హెర్జ్‌బర్గ్ దీనికి ఒక లెక్క చెప్పినారు. సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువన సుమారు 40 అడుగుల వరకు మంచినీరే ఉంటుంది. అయితే ఈ లెక్కకు రెండవ ముఖము కూడ ఉన్నది. పైమట్టము 1 అడుగు తగ్గి అట్లే నిలిచిపోయినచో, ఉప్పునీరు కాలక్రమమున 40 అడుగులు పైకి వస్తుంది. చేదతో తోడుకొన్నంత కాలము ఈ భయము తక్కువ. చేతులు అలసిపోతాయి గనుక. మోటారుకు అలసట లేదు.

మాది సిమెంటు ఒరల బావి. మండు వేసవిలో నీరు 18 అడుగుల లోతున ఉంటుంది. అంగడిలో ఒకటిన్నర గుర్రపు శక్తి మోటారు కొనమని సలహా ఇచ్చినారు. మా నాన్నగారు అర గుర్రపు శక్తి మోటారే చాలునన్నారు. “ఇల్లు ఎంత త్వరగా నిండుతుందన్నది కాదు, బావి ఎంత త్వరగా ఊరుతుందన్నది చూడవలెను” అన్నది ఆయన మాట. మోటారును బావి ఒడ్డుననే బిగించినాము. బయట నిలిచి పీల్చే పంపు నిజమునకు నీటిని లాగదు. వాయుమండలపు ఒత్తిడియే నీటిని పైకి నెట్టుతుంది. ఆ ఒత్తిడి మోయగలిగినది సుమారు 34 అడుగుల నీటిని మాత్రమే. నష్టములు పోగా ఆచరణలో 25 అడుగులకు మించదు. గొట్టములోని నీరు జారిపోకుండ దాని చివర ఫుట్ వాల్వు పెట్టి, ఇసుక పీల్చకుండ బావి అడుగునకు రెండడుగుల ఎత్తున నిలిపినాము.

ప్రెషరు ట్యాంకులో ఒక రబ్బరు సంచి, దాని చుట్టును గాలి. మోటారు నీటిని సంచిలోనికి నెట్టినపుడు గాలి ముడుచుకొంటుంది. కుళాయి విప్పినపుడు ఆ గాలియే నీటిని వెలుపలికి పంపుతుంది. ఒత్తిడి చదరపు అంగుళమునకు 20 పౌనులకు దిగినపుడు మోటారు తిరిగి, 40 పౌనులకు చేరినపుడు ఆగేటట్లు స్విచ్చి ఉన్నది. నీరు లేనపుడు ట్యాంకులో గాలి 18 పౌనులు ఉండవలెను. 100 లీటర్ల ట్యాంకైనను ఒక విడతకు ఇచ్చేది సుమారు 34 లీటర్లే. మిగిలిన చోటు చాలవరకు గాలిదే. చెంబెడు నీటికి మోటారు మేల్కొనకుండ కాపాడేది ఆ గాలియే.

రెండవ వేసవిలో కుళాయి విప్పగానే మోటారు క్షణక్షణమునకు ఆగి తిరుగసాగినది. చూడవచ్చిన మెకానిక్కు మోటారు చెడినది, మార్చవలసినదే అన్నాడు. నాన్నగారు కరెంటు ఆపి, నీరంతయు వదలి, చక్రముల గాలి కొలిచే గేజితో ట్యాంకును పరీక్షించగా 6 పౌనులే ఉన్నది. స్కూటరు చక్రములకు గాలి కొట్టే పంపుతో 18కి తెచ్చిన పిదప జబ్బు కుదిరినది. నాటినుండి మూడు నెలలకొకసారి గాలి కొలుచుట, ఉప్పుగాలికి తుప్పు పట్టే స్విచ్చిని శుభ్రపరచుట మా ఇంటి నియమము. ఎవరును కుళాయి విప్పని అర్ధరాత్రి మోటారు తిరిగినదన్న, ఎక్కడనో కుళాయి కారుచున్నదనియో, ఫుట్ వాల్వు వదులైనదనియో తెలిసికొనవలెను.

మా అవ్వ మాత్రము బావి గిలకను తీయనియ్యలేదు. తుపాను దినములలో కరెంటు పోయినచో 34 లీటర్లు ఎంతసేపు? అపుడు చేదయే దిక్కు. కందిపప్పు ఎప్పటివలె ఉడకనినాడు బావిని రెండు పూటలు విడిచిపెట్టవలెనని కూడ ఆమె ఆజ్ఞ. నీటి రుచి మారుటను ఆమె పొయ్యి మీదనే కనిపెట్టేది.

ఇది ఒక ఇంటి సంగతి మాత్రమే కాదు. తీరములోని రొయ్యల చెరువుల వలన త్రాగునీటి బావులు ఉప్పుబారుచున్నవన్న వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్ళగా, 1996 డిసెంబరు 11న వెలువడిన తీర్పు తీరపు నియంత్రిత ప్రాంతమున ఆ చెరువులను నిషేధించినది. భూగర్భజలమును కాపాడుటకు 2002లో మన రాష్ట్రమున జలము, భూమి, చెట్ల చట్టము వచ్చినది. చట్టము పెద్ద చెరువును చూడగలదు. పెరటిలోని మోటారును చూడవలసినది ఇంటివారే. బావి గోడ మనది, అందలి నీరు ఇరుగుపొరుగుల నీటితో కలిసినది. ఇటీవల చేపల రేవు కూడ నిర్మించిన మా ఊరిలో మోటార్లు పెరుగుట సహజము; అందుచేత జాగ్రత్తయు పెరుగవలెను.

తీరగ్రామముల నుండి మన కళాశాలకు వచ్చే సోదర సోదరీమణులకు ఒక చిన్న మనవి. ఒక తాడుకు అడుగుకొక ముడి వేసి, నెలకొకమారు మీ బావిలో నీటిమట్టము కొలిచి, తేదీతో సహా నోటు పుస్తకమున వ్రాసిపెట్టండి. మోటారు శక్తి ఎంత ఉండవలెనో, దినమునకు ఎంతసేపు తిరుగవలెనో ఆ అంకెలే చెబుతాయి.