రూమ్ తీసుకోని మెహమాన్లు

ఎండాకాలం ఛుట్టీలు మొదలైతే చాలు, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక సవాల్ తప్పకుండా వస్తుంది. ఈసారి వనపర్తి నుంచి మా ఫుప్పు కోడలు అడిగింది: "భాయ్, రూమ్ నై లియే తో బీ హోటల్ కే పూల్ మే జానే దేతే క్యా?" అఖ్బార్‌లో పనిచేసేవాడికి లోకంలోని కాయిదాలన్నీ తెలుస్తాయని మావాళ్ళ యకీన్. నాకంటే ముందు దుబాయ్‌లో ఉండే భాంజా జవాబిచ్చాడు. గ్రీస్‌లో ఒక దీవికి సైర్‌కు పోయినప్పుడు వాడు తీసుకున్న చౌక గదికి పూల్ లేదట. పక్క హోటల్లో పూల్ ఒడ్డున కాఫీ, సాండ్‌విచ్ కొనుక్కుంటే బయటివాళ్ళను కూడా దిగనిచ్చారట. "ఫోకట్ సమఝో మామూ" అని రాసి నీలం నీళ్ళ ఫోటో పెట్టాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఉన్న చుట్టాలంతా దానికి దిల్ గుర్తులు కొట్టారు.

సవాల్ చిన్నదే. జవాబు కూడా సీదాగానే ఉంది. కొన్ని హోటళ్ళు పూల్‌కి విడిగా టికెట్ ఇస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల రిసార్టులు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకు భోజనంతో కలిపి ఒక ధర చెబుతాయి. ఇంకొన్ని, గది తీసుకున్న వాళ్ళకు తప్ప ఎవరికీ ఇజాజత్ లేదంటాయి. ఈ మూడూ వాళ్ళ మర్జీ. పూల్ వాళ్ళది, నీళ్ళు మార్చే ఖర్చు, మందు కలిపే ఖర్చు వాళ్ళవి.

నాలుగో తరీఖా కూడా ఒకటుంది. అది షాదీల్లో కనబడుతుంది. ఈమధ్య రిసార్టుల్లో నికాహ్‌లు పెరిగాయి. అటు వలీమా బిర్యానీ వడ్డిస్తుంటే ఇటు పిల్లలు షేర్వానీలు విప్పి పూల్‌లో దూకుతుంటారు. కాపలా అతను వస్తే "హమ్ మెహమాన్ హై" అంటారు. నిజమే, వాళ్ళు దుల్హా తరఫు మెహమాన్లు. కానీ హోటల్ లెక్కలో మెహమాన్ అంటే గది చాబీ ఉన్నవాడు. ఫంక్షన్ హాల్ కిరాయిలో పూల్ ఉందో లేదో ముందే అడిగి పెట్టుకోవాల్సింది దావత్ ఇచ్చినవాళ్ళు. లేదంటే అది ఇజాజత్ లేకుండా పరాయి ఇంట్లో అడుగుపెట్టడమే అవుతుంది.

ఈ మెహమాన్ అనే మాట దగ్గర నేను కాస్త ఆగుతాను. నేను పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీకి తెలుగు తీసుకున్నవాణ్ణి. 'అతిథి' అంటే తిథి లేనివాడు, ఫలానా రోజు వస్తానని చెప్పకుండా వచ్చేవాడు అని మా తెలుగు మాస్టారు చెప్పినప్పుడు భలే ఖుషీ అనిపించింది. హోటల్ వ్యవహారం పూరా ఉల్టా. అక్కడ ఏ తారీఖున వస్తాడో, ఏ తారీఖున పోతాడో ముందే రాయించుకున్నవాడే గెస్టు. తిథి లేనివాడికి గేటు దగ్గరే సలామ్.

అసలైన అతిథులం మేమే, చిన్నప్పుడు. గద్వాల చుట్టుపక్కల అప్పట్లో పొలాల్లో పెద్ద పెద్ద బాయిలుండేవి. మాకు పొలం లేదు, బాయి లేదు. అయినా ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ ఎవరిదో ఒకరి బాయిలోనే గడిచేవి. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకొని, కొన్నాళ్ళకు దాన్ని వదిలేసి, ఇంకొన్నాళ్ళకు దరి మీద నుంచి దూకి ఈత నేర్చాం. బాయి పెద్దయ్య గట్టు మీద నిలబడి కేకేసేవాడు: "ఏంర సాయిబుల పోరగాండ్లు, మోటర్ పైపు మీద నిలబడకుండ్రి, సబ్బు వెట్టకుండ్రి!" రెండే కాయిదాలు. రెండూ నీళ్ళ కోసమే, మా మజహబ్ గురించి కాదు. టికెట్ లేదు, ఇజాజత్ మాత్రం ఉంది.

అయితే ఆ బాయిని నేను జన్నత్ చేసి చెప్పలేను. మాతో బడి దాకా కలిసి నడిచే మాదిగవాడ దోస్త్ ఒకడు బాయి దాకా వచ్చి గట్టు మీద మా బట్టలకు కాపలా కూర్చునేవాడు. దిగేవాడు కాదు. ఎందుకని వాణ్ణి ఎవరూ అడగలేదు, అడగనక్కర లేకుండానే అందరికీ తెలుసు. ఇక మా ఆపాలు, ఖాలాలు ఆ బాయి మొహం కూడా చూడలేదు. బట్టలుతకడానికి కృష్ణ ఒడ్డుకు పోతే మోకాళ్ళ లోతు వరకే వాళ్ళ దునియా. గద్వాల పక్కనే కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ ఉంది, తరతరాలుగా పుట్టి ఎక్కి దాటిన ఊరు. మన జిల్లాకు అదే జజీరా. అంత నది పక్కన పుట్టి కూడా మా ఇంట్లో ఒక్క ఆడమనిషికి ఈత రాదు.

తర్వాత బాయిలు ఎండిపోయాయి. చాలావాటిని పూడ్చేశారు. వాటి జాగాలో బోర్లు వచ్చాయి. ఆరేడు అంగుళాల రంధ్రంలో ఈత ఎవరు నేర్చుకుంటారు? కొన్నేళ్ళకు కాలువల్లో నీళ్ళొచ్చాయి. జూరాల కాలువలు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు మన పాలమూరుకు నీళ్ళు తెచ్చాయి, షుకర్ హై. కానీ బాయి వేరు, కాలువ వేరు. బాయిలో నీళ్ళు నిలబడి ఉంటాయి, మెట్లుంటాయి, గట్టు మీద పెద్దమనిషి ఉంటాడు. సిమెంటు కాలువకు ఏటవాలు గోడలు, వాటికి పట్టిన పాచి. జారితే చేతికి పట్టు దొరకదు, ధార ఆగదు. ప్రాజెక్టు గేట్ల కింద ఇంకా ఖతర్నాక్, పైన గేటు ఎత్తితే కింద నీళ్ళు చూస్తుండగానే పెరుగుతాయి. ఎండాకాలం వస్తే జిల్లా పేజీలో ఒక వార్త నాకు ఖాయంగా తగులుతుంది: ఈతకు పోయిన పిల్లలు, ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు. ఆ వార్తలు రాసీ రాసీ నాకు ఒకటి అర్థమైంది. మన ఊళ్ళ పిల్లలకు పూల్ అంటే షౌక్ ఒక్కటే కాదు. బాయి పోయాక, మెట్లున్న, లోతు తెలిసిన నీళ్ళు దొరికే జాగా అది.

అందుకే అడగాల్సింది "ఫోకట్‌గా దిగొచ్చా" అని కాదు, "ఎవరు దిగొచ్చు" అని. మన దస్తూర్‌లో 15వ అధికరణం రెండో భాగం ఒక్కసారి చదవండి. దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలు ఒకవైపు, సర్కారు సొమ్ముతో నడిచే లేదా అవామ్ కోసం వదిలిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు ఇంకోవైపు. రెండింటినీ ఒకే చోట పెట్టి, మజహబ్, జాతి, కులం, స్త్రీ పురుష భేదం, పుట్టిన చోటు, వీటి పేరు మీద ఎవరినీ ఆపొద్దని రాశారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు చేత్తో తీసుకొని తాగిన అంబేద్కర్ ఆ దస్తూర్ ముసాయిదా కమిటీకి సదర్. గది లేదని హోటల్ మనల్ని ఆపొచ్చు. టికెట్ పెట్టొచ్చు. సాయిబువని ఆపకూడదు. ఈ ఫరక్ మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. భాంజా పోయిన గ్రీస్‌లోనూ పూల్ హోటల్‌దే, సముద్రపు ఒడ్డు మాత్రం అవామ్‌ది. కుర్చీలు, గొడుగులు పరిచి ఒడ్డంతా కిరాయికి ఇచ్చేస్తున్నారని 2023లో పారోస్ దీవి జనం తువాళ్ళు పట్టుకొని నిరసనకు దిగారు.

రెండేళ్ళ కింద హైదరాబాద్ పోయే హైవే మీద ఒక హోటల్లో మా బీవీ, పన్నెండేళ్ళ బేటీతో ఆగాను. పూల్‌కి టికెట్ తీసుకున్నాను. బోర్డు మీద "నైలాన్ దుస్తులు మాత్రమే, కాటన్ నిషేధం" అని ఉంది. అది సబబైన కాయిదా. కాటన్ పోగులు ఊడి ఫిల్టర్‌లో ఇరుక్కుంటాయి, రంగు వదులుతుంది, తడిస్తే బరువెక్కి మనిషిని కిందికి లాగుతుంది. మా బేటీ వేసుకున్నది చేతులు, కాళ్ళు కప్పే నైలాన్ ఈత బట్టలు, తలకు టోపీ. కౌంటర్ అబ్బాయి చూసి, "బురఖాతో దిగొద్దు సార్" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా బీవీ అందుకుంది: "ఇది బురఖా కాదు బేటా. బట్ట పట్టుకొని చూడు. నీ బోర్డు నువ్వే చదువు." మేనేజర్ వచ్చాడు. బట్ట చూశాడు, బోర్డు చూశాడు. "గెస్టులు ఏమనుకుంటారో మేడమ్" అన్నాడు. "టికెట్ తీసుకున్న మేమేమనుకుంటామో కూడా అడగండి" అంది. పైసలు వాపస్ ఇస్తానన్నాడు. ఆమె తీసుకోలేదు. ఐదు నిమిషాల ఖామోషీ తర్వాత "సరే, అరగంట" అన్నాడు. బేటీ దిగింది. పూల్‌లో ఉన్నవాళ్ళు ఎవరూ ఏమీ అనుకోలేదు. ఒక తల్లి మాత్రం ఆ బట్టలు ఎక్కడ కొన్నారని అడిగింది.

అలాంటి బట్టలను 2004లో ఆస్ట్రేలియాలో అహెదా జనెట్టి అనే ఆవిడ తయారుచేశారు, బుర్కినీ అని పేరు పెట్టారు. 2016లో ఫ్రాన్స్ సముద్రతీర పట్టణాలు కొన్ని వాటిని నిషేధిస్తే, ఆగస్టు 26న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఒక పట్టణపు నిషేధాన్ని ఆపేసింది. అదే న్యాయస్థానం 2022లో గ్రెనోబుల్ పూల్స్ విషయంలో ఉల్టా ఫైసలా ఇచ్చింది. అక్కడ అది పెద్ద సియాసత్. ఇక్కడ ఇంకా కౌంటర్ అబ్బాయి అందాజా మీదే నడుస్తోంది. కాబట్టి అడిగే అవకాశం మనకుంది.

ముందే ఫోన్ చేయండి. బయటివాళ్ళను రానిస్తారా, ఎంత, ఎన్ని గంటలు? నిండు నైలాన్ బట్టలు ఒప్పుకుంటారా? ఆడవాళ్ళకు విడిగా టైమ్ ఉందా? (ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం సర్కారు ఖాస్ ఇంతెజామ్ చేయడానికి అదే 15వ అధికరణం మూడో భాగం ఇజాజత్ ఇస్తుంది.) పూల్ దగ్గర ఈత వచ్చిన మనిషి కాపలా ఉంటాడా? లోతు ఎంత? చెప్పింది వాట్సాప్‌లో రాసి పంపమనండి, కౌంటర్ దగ్గర పనికొస్తుంది.

ఇంకో మాట, ముఖ్యంగా అబ్బాలకు. కొడుకు పోతే దోస్తులతో ఎక్కడో ఒకచోట మునిగీ తేలీ నేర్చుకుంటాడు. బేటీకి ఆ ఎక్కడో ఒకచోట లేదు, ఎప్పుడూ లేదు. హయా ఈతకు అడ్డం కాదు, బట్టతో, టైమ్‌తో ఇంతెజామ్ చేసుకునే విషయం. హైదరాబాద్‌లో ఆడవాళ్ళ బ్యాచ్, ఆడ కోచ్ ఉన్న ఒక పూల్ వెతికి, గడిచిన రెండు ఎండాకాలాలూ మా బేటీని మా సాలీ ఇంట్లో పదిహేను రోజులేసి ఉంచాం. ఇప్పుడు ఇరవై మీటర్లు ఆగకుండా ఈదుతుంది. ఈసారి తల్లి కూడా పేరు రాయించుకుంది.