సగంలో ఆగిన కారు

పాత కార్ల బేరగాళ్ళ పరిభాషలో ఒక మాట ఉన్నది: ప్రాజెక్టు. ఊడదీసిన ఇంజను ఒక మూల, తలుపులు లేని బాడీ మరొక మూల, నట్లూ బోల్టులూ డబ్బాలలో. ఈ స్థితిలో ఉన్న వాహనాన్ని తుక్కు అనటానికి అమ్మేవాడికి మనసొప్పదు. కారు అంటే కొనేవాడు ఒప్పుకోడు. అందుకని ఉభయతారకంగా ప్రాజెక్టు అంటారు. ఆ మాటలో ఉన్నదంతా భవిష్యత్తే. తీరా ధర చెప్పవలసి వచ్చేసరికి అమ్మేవాడు లెక్క వేసేది మాత్రం గతాన్ని. బేరం చెడేది సాధారణంగా అక్కడే.

పురాతన వాహనాలనగానే మన వారికి మహారాజులు గుర్తుకు వస్తారు. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం ప్రభువుల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూసినవారు పాత కారంటే అదే అనుకోవటం సహజం. అటువంటి వాటి సంగతి వేరు. వాటికి సంరక్షకులుంటారు, నిధులుంటాయి. అసలు కథ మధ్యతరగతి కార్లది. ఆస్టిన్ సెవెన్, మోరిస్ ఎయిట్, ఫోర్డ్ మోడల్ ఏ, చిన్న ఫియట్: తేయాకు తోటల మేనేజర్లూ డాక్టర్లూ ప్లీడర్లూ నడిపిన బండ్లు. 1947 తరువాత చేతులు మారుతూ, గరాజులలో దుమ్ము పేరుకుంటూ అవి చాలాకాలం పడి ఉన్నాయి. 1964లో మొదలైన స్టేట్స్‌మన్ పత్రిక వారి ర్యాలీ వంటివి వాటికి మళ్ళీ కొంత గౌరవం తెచ్చిపెట్టాయి. ఆ ర్యాలీలను రోడ్డు పక్క నిలబడి చూసి, జీతం రాళ్ళతోనే ఆ ముచ్చట తీర్చుకోవాలని పూనుకున్నవారు దేశమంతటా ఉన్నారు. వారిలో పని పూర్తి చేసినవారికంటె మధ్యలో విరమించినవారే ఎక్కువ అనటానికి గణాంకాలు అక్కరలేదు. కోల్‌కతా మల్లిక్ బజారులోనో, చెన్నై పుదుపేటలోనో ఒక పూట తిరిగితే చాలు.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేసి రిటైరయిన ఒక తెలుగు పెద్దమనిషి అటువంటివారిలో ఒకరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఆ ఊరు ఉత్తరాంధ్ర కుటుంబాలకు రెండో పుట్టిల్లు. ఆయన 1993లో కోల్‌కతాలోని ఒక పాత ఇంటి గరాజు నుంచి 1936 నాటి మోరిస్ ఎయిట్‌ను కొని లారీ మీద ఇంటికి తెచ్చుకున్నారు. 918 సి.సి. ఇంజను, ఆరు వోల్టుల బ్యాటరీ, ఆ తరగతి కార్లలో ఆనాటికి విశేషమే అనదగిన హైడ్రాలిక్ బ్రేకులు. ఇంగ్లండులో 1935 నుంచి 1938 లోగా రెండు లక్షలకు పైగా తయారైన బండి. అంటే అరుదైనదేమీ కాదు. ఆయనకు ఆ సంగతి తెలుసు.

మొదటి నాలుగేళ్ళు పని చకచకా సాగింది. బేరింగులకు వైట్ మెటల్ పోయటం పెట్రోలు కార్ల మెకానిక్కులు మరిచిపోయిన విద్య. రైల్వేలో ఇరుసు పెట్టెలకు అదే లోహం పోసినవారికి మాత్రం అది వెన్నతో పెట్టిన విద్య. తోటి పనివారు ఆదివారాలు వచ్చి సాయపడ్డారు. ఇంజను తయారయింది. ఆ ఉత్సాహంలో ఆయన బాడీని పూర్తిగా విప్పేశారు. ప్రతి ముక్కనూ శుభ్రం చేసి, చిన్నవాటిని హార్లిక్స్ సీసాలలో వేసి, చీటీలు అంటించారు. తరువాత కూతురి పెళ్ళి వచ్చింది. ఆ వెనుక భార్య ఆపరేషను. అటు పిమ్మట మోకాళ్ళ నొప్పులు. విప్పటానికి పట్టిన కాలం మూడు నెలలు, బిగించకుండా గడిచిన కాలం ఇరవై ఏళ్ళకు పైమాట. (విప్పటంలో ఉన్న ఆనందం ఎంతటిదో, ఎందరిని ముంచిందో ఈ వ్యసనపరుల భార్యలనడగాలి.)

విశాఖపట్నంలో కొడుకు ఫ్లాటుకు మారవలసిన రోజు వచ్చినప్పుడు ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న ఒక్కటే: దీనికి ఎంత చెప్పాలి? ఆయన దగ్గర ఒక ఖాతా పుస్తకం ఉన్నది. కొన్ననాటి నుంచి ప్రతి రూపాయీ అందులో రాసి ఉన్నది. మొత్తం నాలుగు లక్షల పన్నెండు వేలు. ఆదివారాలకు కూలి వేసుకోలేదు కనుక నాలుగున్నర లక్షలు అడగటం న్యాయమేనని ఆయనకు తోచింది.

“ఏమండీ, మనమ్మాయి పెళ్ళికి పెట్టిన ఖర్చు కూడా అందులో కలపకపోయారా? దాని మూలానే కదా పని ఆగింది!” అన్నారు భార్య.

హాస్యానికి అన్నా ఆవిడ మాటలో అర్థశాస్త్రం ఉన్నది. పెట్టిన ఖర్చు వేరు, పలికే విలువ వేరు. డేనియల్ కానెమన్, జాక్ నెష్, రిచర్డ్ థేలర్ అనే పండితులు 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చి, అమ్ముతారా అని అడిగారు. చేతికి వచ్చి నిమిషాలైనా గడవని ఆ కప్పులకు వారు కోరిన ధర, కొనేవారు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు. కప్పు మీదనే ఇంత మమకారమైతే ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఉన్న కారు మీద ఎంత ఉండాలి? అయితే మరొక ప్రయోగం ఇంకా చిత్రమైనది. మైకేల్ నార్టన్ ప్రభృతులు 2012లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, తాము స్వయంగా బిగించిన సామాను పెట్టెకు మనుషులు ఎక్కువ విలువ కడతారు. కాని చివరి మెట్లు మిగిలి ఉండగానే ఆపించినవారిలో ఆ మమకారం కనిపించలేదు. మరి అసంపూర్తి కారుకు యజమాని అంత ధర ఎందుకు చెబుతాడు? బహుశా ఆయన అమ్మజూపుతున్నది షెడ్డులోని సామాను కాదు, మనసులో ఎప్పుడో పూర్తయిపోయిన కారు. కొనవచ్చినవాడికి అది కనబడదు.

కొనేవాడి లెక్క తలకిందులుగా నడుస్తుంది. పూర్తయి, కాగితాలతో సహా రోడ్డు మీద నడిచే అటువంటి బండికి ఆరు లక్షలు వస్తాయనుకుందాం. మిగిలిన పనికి, అంటే రంగుకు, క్రోమియం పూతకు, సీట్లకు, వైరింగుకు రెండు లక్షల ఎనభై వేలు అవుతుందని అంచనా. ఈ అంచనాలు ఏనాడూ నిలవవు కనుక మరో సగం, లక్షా నలభై వేలు కలపాలి. లారీ ఖర్చు ఇరవై వేలు. ఇవన్నీ తీసివేస్తే మిగిలేది లక్షా అరవై వేలు. కొనేవాడి శ్రమకు ప్రతిఫలం ఇందులో లేనే లేదు. ఇది క్రూరంగా కనిపించవచ్చు గాని, నిజాయితీపరుడైన కొనుగోలుదారు వేసే లెక్క ఇదే. ఖాతా పుస్తకానికి ఇందులో చోటు లేదు. పుస్తకం ఉపయోగపడేది వేరొక విధంగా: ఏ పని ఎప్పుడు జరిగింది, బేరింగులు ఎవరు పోశారు, పిస్టన్ల కొలత ఎంత అని రుజువు చూపటానికి.

విప్పిన కారుకు, విప్పని పాడు కారుకంటె తక్కువ ధర పలుకుతుందన్నది కొత్తవారికి మింగుడు పడని సత్యం. తుప్పు పట్టి అయినా ఒక్కచోట నిలబడి ఉన్న బండిలో ఏది ఉన్నదో ఏది లేదో కంటికి తెలుస్తుంది. పద్నాలుగు పెట్టెలలో ఉన్న బండిలో లేనిదేమిటో పూర్తిగా బిగించేదాకా తెలియదు. ఆ తెలియనిదానికి కూడా కొనేవాడు డబ్బు తగ్గిస్తాడు. అందుకనే అనుభవజ్ఞులు అమ్మకానికి ముందు కొత్త రంగు వెయ్యవద్దంటారు, రంగు కింద ఏమి దాచాడోనన్న అనుమానం కలుగుతుంది కనుక. దానికి బదులు మడ్‌గార్డులూ తలుపులూ రెండేసి బోల్టులతోనైనా తగిలించమంటారు. హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను తిరిగినా చాలు, ఒక్కసారి మోగితే మరీ మంచిది.

వీటన్నిటికంటె ముందు చూపవలసినది రిజిస్ట్రేషన్ పుస్తకం. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు వచ్చిన సవరణ, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండ్లకు వింటేజ్ హోదా కల్పించింది. నంబరులో ‘వి ఏ’ అక్షరాలు, పదేళ్ళ గడువు, కొత్త నమోదుకు ఇరవై వేల రూపాయల రుసుము. ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తప్ప నిత్య వాడకానికి వీల్లేదు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితంతో సరిపోయిన బండికి ఒక దారి దొరికినట్టే. సరిపోనిది ఎంత అందంగా ఉన్నా అలంకార వస్తువే. ఫోర్‌మన్ గారి పుస్తకం చిరిగిపోయి ఉన్నా నంబర్లు సరిపోయాయి. ఆయన చేతిలోని అసలు బలం అది. నాలుగు లక్షల ఖాతా కాదు.

మొదట వచ్చినవాడు తూకం ప్రకారం ఇస్తానన్నాడు. కాఫీ కూడా పుచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. రెండోవాడు కోల్‌కతా వ్యాపారి. హెడ్‌లైట్లు, రేడియేటర్ తొడుగు, స్టీరింగు, డాష్‌బోర్డు గడియారాలు మాత్రం తీసుకుని తొంభై వేలు ఇస్తానన్నాడు. మిగిలినదంతా మీదే అన్నాడు, అదేదో ఉపకారమైనట్టు. ఇంత త్వరగా, ఇంత తేలికగా డబ్బు వచ్చే మార్గం మరొకటి లేదు. ఈ మార్గంలోనే ఎన్నో బండ్లు అంతరించాయి. ముఖమూ కళ్ళూ పోయిన బండిని తరువాత ఎవడూ కొనడు. ఇంజనుకు మరో లక్ష వచ్చినా రావచ్చు, అంటే ముక్కలుగా అమ్మితే మొత్తం మీద ఎక్కువే. ఆయన రెండు రాత్రులు ఆలోచించారు. కొడుకు ఫోనులో, “నాన్నా, మీ ఇష్టం. డబ్బు గురించి మాత్రం ఆలోచించకండి” అన్నాడు. డబ్బు గురించి ఆలోచించవద్దని చెప్పటం ఇచ్చేవాడికి సులభం. తీసుకోవలసినవాడికి కాదు. మోకాలి ఆపరేషను కొడుకు మీద పడకూడదన్నది ఆయన పట్టుదల.

మూడోసారి వచ్చినవారు మేదినీపూర్‌లో అంబాసిడర్ కార్లు బాగుచేసే అన్నదమ్ములు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయిన దగ్గరి నుంచి వారికి పని తగ్గింది. మోరిస్ వంశమే కదా అన్న ధైర్యంతో వచ్చారు. ఆ ధైర్యానికి ఆధారం అంతంతమాత్రమేనని, ఈ బండి సామాను దానికి సరిపోదని ఆయనే ముందుగా చెప్పారు. లేని వస్తువుల జాబితా కూడా ఆయనే ఇచ్చారు: ఒక కిటికీ అద్దం, వెనుక దీపం, డిస్ట్రిబ్యూటర్ మూత. తమ్ముడు హ్యాండిలు వేసి తిప్పాడు. ఇంజను తిరిగింది. అన్న ఖాతా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవటం మొదలుపెట్టాడు, అంకెలు కాదు, పనులు. సాయంత్రానికి లక్షా యాభై ఐదు వేలకు బేరం కుదిరింది. విడిభాగాలుగా అమ్మకూడదని కాగితం రాయించుకుందామని ఆయన ముందు అనుకున్నారు. ఆఖరికి అడగలేదు.

విశాఖకు మారిన ఆరు వారాలకు మేదినీపూర్ నుంచి ఫోను వచ్చింది. హ్యాండ్‌బ్రేకు దగ్గర రెండు స్ప్రింగులు ఒకేలా ఉన్నాయట, ఏది ఏ వైపుదో చీటీలో లేదట. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఒక్క క్షణం ఆగి, “తొమ్మిదో సీసాలో మూడోది కూడా ఉంటుంది, ముందు దాన్ని తియ్యి” అన్నారు.