లత లేక పూచె పువ్వులు

సైకాలజీ పుస్తకాల్లో ‘ప్రాబ్లమ్ సాల్వింగ్’ అన్న అధ్యాయం కనబడితే చాలు, నా మనసు సమస్యాపూరణం మీదికి పోతుంది.

కార్ల్ డంకర్ ప్రయోగం చాలామందికి తెలిసిందే. కొవ్వొత్తులు, అగ్గిపుల్లలు, పిన్నులు చిన్న పెట్టెల్లో పోసి ఇచ్చి, కొవ్వొత్తుల్ని తలుపుకి నిలబెట్టమంటాడు. పెట్టెలు ఖాళీ చేసి, వాటిని తలుపుకి గుచ్చి, పైన కొవ్వొత్తి పెట్టాలి. పెట్టెలు నిండుగా ఉంటే ఈ ఆలోచన తట్టడం కష్టం. ఖాళీ పెట్టెలిస్తే ఇట్టే తడుతుంది. వస్తువు చేస్తున్న పనే కంటికి అడ్డం పడుతుందన్నమాట.

మాటలతోనూ ఇదే తంటా. “లత లేక పూచె పువ్వులు” అని సమస్య ఇచ్చారనుకోండి. (మాటవరసకి నేనల్లిందే. పాదం పొట్టిదైందని ఛందస్సు తెలిసినవాళ్ళు కోప్పడకండి.) తీగ లేకుండా పువ్వులేమిటని కుస్తీ పడితే తెల్లారిపోతుంది. పై పాదం చివర ఒక్క ‘క’ పెట్టండి: కలత లేక పూచె పువ్వులు! పాదం మొదలైనచోటే మాట కూడా మొదలవ్వాలని ఎవరూ అనలేదు, మనమే అనుకున్నాం.

మా నాన్నగారు రేడియోలో సమస్య విని, పోస్టుకార్డు మీద పూరణ రాసి పంపేవారు. వినగానే కాగితం తీసేవారు కాదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూచుని, మధ్యలో చటుక్కున లేచి కార్డు వెతుక్కునేవారు. గ్రాహం వాలస్ 1926లో ‘ది ఆర్ట్ ఆఫ్ థాట్’లో దీన్నే ఇంక్యుబేషన్ అన్నాడు, అంటే పొదగడం. పొదగాలంటే ముందు గుడ్డుండాలి కదా! నాన్నగారికి వందల పద్యాలు నోటికి వచ్చు. సృజనాత్మకత నేర్పుతామనే వర్క్‌షాపుల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

అక్షరం చేర్చే ఆ కిటుకంటే మాత్రం ఆయనకి చిరాకు. “విరవకుండా అర్థం రప్పించలేవుట్రా?” అనేవారు. ఆ చిరాకులో న్యాయం ఉంది. 1942లో అబ్రహాం లూచిన్స్ నీళ్ళ కూజాల లెక్కలు వరసగా ఒకే పద్ధతిలో చేయించాడు. తర్వాత సులువైన దారి ఎదురుగా ఉన్నా, జనం పాత చుట్టుదారినే పోయారు. తాళంచెవి చేతికొచ్చాక, తలుపు తీసే ఉందేమోనని ఎవరు చూస్తారు?

పై పాదాన్ని ఓసారి నాన్నగారికే ఇచ్చాను. మా లతక్క పెళ్ళై వెళ్ళిన ఏడాది అది. ఆయన పెరటివైపు చూస్తూ కాసేపు కూచున్నారు. అక్క నాటి, రోజూ నీళ్ళు పోసిన కనకాంబరాలు అక్క లేకపోయినా పూశాయని పద్యం చెప్పారు.

నేను ‘క’ సంగతి ఎత్తలేదు.