శామీర్‌పేటలో అన్నయ్య ప్లాటు

“తమ్మీ, జాగకాడికి పోయి ఒక వీడియో తీసి పంపు. హద్దురాళ్లు ఉన్నయో లేవో చూడు.” డాలస్‌ నుంచి అన్నయ్య వాట్సాప్‌ మెసేజ్‌. మా పెద్దమ్మ కొడుకు. శామీర్‌పేట దాటాక లాల్‌గడి మలక్‌పేట వైపు 200 గజాలు కొన్నాడు. కొన్నాక ఒక్కసారి కూడా కళ్లారా చూడలేదు.

శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో మేడ్చల్‌ ఎంఎంటీఎస్‌ ఎక్కా. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ రైలుకి ట్రిప్పులు తక్కువ. టైమ్‌ చూసుకోకుండా వెళ్తే ప్లాట్‌ఫామ్‌ మీదే పొద్దుపోతుంది. మేడ్చల్‌లో ఫ్రెండ్‌ బండితో రెడీగా ఉన్నాడు. అక్కణ్నుంచి శామీర్‌పేట దాకా వెంచర్ల బోర్డులే బోర్డులు. ‘ఓఆర్‌ఆర్‌కి 5 నిమిషాలు’ అని ప్రతి బోర్డూ చెప్తుంది, ఎవరి బండి మీదో మాత్రం చెప్పదు.

ప్లాటులో మూడు రాళ్లు దొరికాయి. నాలుగోది సర్కారు తుమ్మల్లో ఎక్కడో ఉంది. వీడియో కాల్‌ చేశా. అక్కడ అర్ధరాత్రి అయినా మేలుకునే ఉన్నాడు.

“నువ్వెప్పుడొస్తవ్‌ అన్నా?”

“వస్త గానీ, మళ్లా పోనిస్తరా?”

తిరకాసు ఇక్కడే ఉంది. హెచ్‌1బీ మీద అక్కడ ఉండి ఉద్యోగం చేయడానికి కంపెనీ తెచ్చుకునే అనుమతి వేరు, దేశంలోకి అడుగుపెట్టడానికి పాస్‌పోర్టులో పడే స్టాంపు వేరు. అనుమతి మొదట 3 ఏళ్లు, పొడిగిస్తే 6. గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటితే ఆపైనా పొడిగిస్తారు. అన్నయ్యకి అదంతా ఉంది. స్టాంపు గడువే అయిపోయింది. అక్కడున్నంతకాలం దాంతో పనిలేదు. ఇండియా వస్తే మాత్రం మళ్లీ కాన్సులేట్‌ ముందు నిలబడాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ వాళ్ల సోషల్‌ మీడియా ఖాతాలు కూడా చూడటం మొదలుపెట్టారు. ఇంటర్వ్యూలు వాయిదాపడి, సెలవుకని వచ్చినవాళ్లు ఇక్కడే చిక్కుకుపోయారు. గ్రీన్‌కార్డు వస్తే ఈ గొడవ ఉండదు. కానీ ఒక్కో దేశానికి ఏటా 7 శాతం పరిమితి ఉంది కాబట్టి మనవాళ్ల క్యూ కదలదు.

నానక్‌రాంగూడలో కాన్సులేట్‌, ఇక్కడ ప్లాటు. రెండూ ఒకే ఓఆర్‌ఆర్‌ మీద, గంట దూరం!

దగ్గర్లోనే తుర్కపల్లి, జీనోమ్‌ వ్యాలీ. అమెరికా నుంచి తిరిగొచ్చిన కృష్ణ ఎల్లా 1996లో పెట్టిన భారత్‌ బయోటెక్‌ ఇక్కడే ఉంది. కోవాగ్జిన్‌ వచ్చింది ఇక్కణ్నుంచే. ఇలాంటిచోట పనిచేయడానికి విదేశీ నిపుణుడు రావాలంటే మన దేశమూ ఊరికే రానివ్వదు. ఎంప్లాయ్‌మెంట్‌ వీసా కావాలి. జీతం ఏడాదికి 16.25 లక్షలకి తగ్గకూడదు. వీసా 180 రోజులు దాటితే, దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో పేరు నమోదు చేసుకోవాలి. తమ దేశపు వంట వండటానికి వచ్చేవాళ్లకి మాత్రం జీతం షరతు లేదు. ఈ రూల్‌ అమెరికాలో ఉంటే మా పెద్దమ్మ పప్పుచారుతో ఈపాటికి అక్కడే సెటిలయ్యేది.

తిరుగుదారిలో చెరువు దగ్గర ఆగి టీ తాగాం. పక్కన నలుగురు స్టూడెంట్లు, మాటల్ని బట్టి బిట్స్‌ వాళ్లే అనుకుంటా. ఈ మధ్య వరకు ఇలాంటి గుంపులో ఒక్కటే మాట వినిపించేది: లాటరీ. 65 వేలు, అక్కడ మాస్టర్స్‌ చేసినవాళ్లకి ఇంకో 20 వేలు. 2025 సెప్టెంబరులో, బయటి దేశం నుంచి కొత్తగా తీసుకునే మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నాక లెక్క మారింది. ఒకమ్మాయి జర్మనీ ఛాన్స్‌ కార్డు గురించి చెప్తోంది. పాయింట్లు 6 ఉంటే చాలు, ఏడాదిపాటు అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. “భాష రావాలి కదే?” అన్నాడొకడు. “ఇంగ్లిష్‌ బాగా వస్తే అప్లై చేయొచ్చు. కానీ జాబ్‌ ఇచ్చేవాడు జర్మన్‌ అడుగుతాడుగా!” అంది. ఆ అమ్మాయికి లోకజ్ఞానం ఎక్కువే.

రాత్రి వీడియో పెద్దమ్మకి కూడా పంపా. భూమిపూజకి పంతులు ఫాల్గుణంలో ముహూర్తం చెప్పాడు. ఫోన్‌లో చూస్తూ కూర్చుంటా, కానిచ్చేయండి అంటాడు అన్నయ్య. ఈవిడ ససేమిరా అంటోంది. కాసేపటికి తనే ఫోన్‌ చేసింది.

“జాగ మంచిగుంది బిడ్డా. ఆ నాలుగో రాయికాడ ముండ్లు కొట్టియ్యి. వాడొచ్చినప్పుడు కాళ్లకు గుచ్చుకుంటయి.”