కరెంటు పోయినా ఆట నడవాలి

ఇంట్లో ఆటల సర్వరు పెట్టించుకోవాలని వచ్చే కుర్రాళ్ళు ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని మొదలుపెడతారు. నేను మాత్రం వాళ్ళింటికి వెళ్ళగానే మీటరు బోర్డు చూస్తాను. మా ఉద్దానం తీరప్రాంతంలో ఎర్తింగు సరిగ్గా లేకపోతే ఎంత మంచి కంప్యూటరైనా ఎక్కువకాలం బతకదు. మాది ఇసుక నేల. ఎండాకాలంలో పైపొరంతా పొడిబారిపోతుంది. పొడి ఇసుకలోంచి కరెంటు భూమిలోకి సరిగా దిగదు. బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్తు పైపు ఉన్నా, నీళ్ళు పోసేవాళ్ళు లేకపోతే అది ఉండీ లేనట్టే. మల్టీమీటరు పెట్టి చూసినప్పుడు న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు ఓల్టులకు మించి కనిపిస్తే ఆ రోజు సర్వరు పని ముట్టుకోను. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, తడి తగిలేదాకా గుంత తవ్వించమంటాను.

కాశీబుగ్గలో కంప్యూటర్ల రిపేరు నా వృత్తి. జీడిపప్పు ఫ్యాక్టరీల బిల్లింగ్ కంప్యూటర్లు, సీసీ కెమెరాలు, ఇళ్ళకూ షాపులకూ నెట్‌వర్క్ కేబుళ్ళు, వీటితోనే ఇల్లు గడుస్తుంది. ఆటల సర్వర్లు అప్పుడప్పుడే వస్తాయి. అయినా నాకు బాగా ఇష్టమైన పని అదే. బిల్లింగ్ కంప్యూటరుని సాయంత్రం ఆపేసి తాళం వేసుకుని వెళ్ళిపోతారు. సర్వరుని ఆపకూడదు. ఈ ఉప్పుగాలిలో, ఈ కరెంటు మీద ఒక యంత్రాన్ని రాత్రీ పగలూ నడిపించడంలోనే చేతిపని తెలుస్తుంది.

ఇంతకీ సర్వరు చేసేదేమిటి? పదిమంది కలిసి ఆడుతుంటే ఎవరు ఎక్కడున్నారో, ఎవరి తూటా ఎవరికి తగిలిందో ఒక్కరే తేల్చాలి. 1993 నాటి డూమ్‌లో అలా తేల్చేవాళ్ళు ఎవరూ లేరు. ఆడేవాళ్ళ కంప్యూటర్లే ఒకదానికొకటి సమాచారం పంపుకునేవి, ఒకటి వెనకబడితే మిగతావన్నీ దానికోసం ఆగేవి. 1996లో వచ్చిన క్వేక్ ఆ తీర్పుని సర్వరు చేతిలో పెట్టింది. నేటి ఆటలు చాలావరకు ఆ దారిలోనే నడుస్తున్నాయి. మైన్‌క్రాఫ్ట్ సర్వరు తన లోకాన్ని సెకనుకు 20 సార్లు లెక్కగడుతుంది. అంటే ఒక్కో లెక్కకు ఉన్నది 50 మిల్లీసెకన్లు. ఆ లోపు లెక్క పూర్తికాకపోతే అందరికీ ఆట నత్తనడక అవుతుంది. పిల్లలు దీన్నీ ల్యాగ్ అనే అంటారు, నెట్ ఆలస్యాన్నీ ల్యాగ్ అనే అంటారు. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి ఒక్క కోరు వేగంగా పనిచేసే ప్రాసెసరు కావాలి, అక్కడ కోర్ల సంఖ్య పెంచినా పెద్దగా లాభం లేదు. రెండోదానికి కావాల్సింది మంచి దారి.

దారి గురించి కొంచెం చెప్పాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్ల దూరం వెళ్ళిరావడానికే 10 మిల్లీసెకన్లు అయిపోతాయి, మధ్యలో రూటర్లు తినేది దీనికి అదనం. ఎంత డబ్బు పెట్టినా ఈ లెక్క మారదు. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు స్నేహితులు వేర్వేరు కంపెనీల కనెక్షన్లు పెట్టుకుంటే, వాళ్ళ మధ్య సమాచారం ఏ పెద్ద నగరానికో వెళ్ళి తిరిగి పక్కింటికి వస్తుంది. అదే ఇంట్లో సర్వరు పెట్టి, స్విచ్ నుంచి నేరుగా కేబుల్ లాగితే ఒక మిల్లీసెకను కూడా పట్టదు. నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడిన మా వయసువాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆ సెంటర్లలోనే నేను కేబుల్ చివర కనెక్టరు బిగించే క్రింపింగ్ నేర్చుకున్నాను. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఈ వరస ఇప్పటికీ చూడకుండానే వేళ్ళకి వచ్చేస్తుంది.

కేబుల్ విషయంలో నేను బేరానికి ఒప్పుకోను. బజారులో చవగ్గా దొరికేదాంట్లో చాలావరకు పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. బారువలోనో, నువ్వలరేవులోనో, భావనపాడులోనో సముద్రానికి దగ్గరున్న ఇంట్లో అలాంటి కేబుల్ వేస్తే, తీగ చివర ఉప్పుగాలి తగిలి తొందరగా పాడవుతుంది. తర్వాత ఆట మధ్యలో తెగి మళ్ళీ కలుస్తూ ఉంటే ఆ తప్పు సర్వరు మీదకి తోస్తారు. అచ్చ రాగి తీగే వేయాలి. వైఫై మీద సర్వరు నడపమని అడిగితే వద్దనే చెబుతాను.

యంత్రం విషయానికొస్తే, కొత్తది కొనమని ఎవరికీ చెప్పను. పెద్ద ఆఫీసులు వాడి వదిలేసిన చిన్న డెస్క్‌టాప్‌లు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. దాంట్లో ఒక ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేస్తే నలుగురైదుగురు స్నేహితులకి సరిపోతుంది. పైన డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తాను. మానిటరు, కీబోర్డు ఉండవు. సముద్రం వైపు కిటికీకి దూరంగా, నేల మీద కాకుండా ఛాతీ ఎత్తులో బల్ల కొట్టించి పెట్టిస్తాను. నేల మీద పెడితే చీమలు, వాననీళ్ళు. ఇంకొక సంగతి, ఎప్పుడూ నడుస్తుండే యంత్రం లోపల వెచ్చగా ఉంటుంది కాబట్టి దాంట్లో చెమ్మ పేరుకోదు. మా తీరంలో వాడకుండా మూలన పడేసిన కంప్యూటరే ముందు తుప్పు పడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇది రాత్రీ పగలూ ఎలుగుతూనే ఉంటాదా బాబూ? బిల్లు ఎంతొస్తాదేటి?" అంటారు. అడగాల్సిన ప్రశ్నే అది. మీటరు పెట్టి చూపిస్తాను. ఆట లేనప్పుడు 30 వాట్లు లాగే యంత్రం నెలకి 22 యూనిట్లు తింటుంది. "దగ్గరదగ్గర ఒక ఫ్రిజ్జంత పెద్దమ్మా" అంటాను. చిన్న మినీ పీసీ అయితే అందులో మూడోవంతుతో సరిపోతుంది. తెలిసి ఒప్పుకోవాలి కదా, తర్వాత పిల్లాడిని తిడితే ఎలాగ?

కరెంటు పోయి ఇన్వర్టరు అందుకునే ఆ చిన్న ఖాళీ మరో చిక్కు. కంప్యూటరులోని పవర్ సప్లై కరెంటు లేకుండా 16 మిల్లీసెకన్ల దాకా ఓర్చుకోగలదు. ఇన్వర్టరు మామూలు పద్ధతిలో ఉంటే అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, సర్వరు ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్లకి వెనకవైపు యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని అటు తిప్పితే చాలు. ఇంత చిన్న మీట గురించి అమ్మేవాళ్ళు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది. సర్వరుతోపాటు ఫైబర్ డబ్బా, రూటరు కూడా ఇన్వర్టరు మీదే ఉండాలి. అంతా చేసి బయోస్‌లో ఇంకొక అమరిక మారుస్తాను, కరెంటు తిరిగి వస్తే యంత్రం దానంతట అదే లేవాలి. లేకపోతే ఇంట్లోవాళ్ళు పొలానికి వెళ్ళినప్పుడు ఆగిన సర్వరు వాళ్ళు వచ్చేదాకా ఆగే ఉంటుంది.

ఇంత చేశాక కూడా ఊరి బయటి స్నేహితుడు లోపలికి రాలేడు. పాత పద్ధతిలో ఇంటర్నెట్‌లో ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లు, అవి ఎప్పుడో చాలకుండా పోయాయి. అందుకని కంపెనీలు ఎన్నో ఇళ్ళని ఒకే చిరునామా వెనక కూర్చోబెడతాయి. రూటరులో చూస్తే చిరునామా 100.64తో మొదలై 100.127 లోపు ఏదో ఒకటి కనిపిస్తుంది. 2012లో ఈ అవసరానికే కేటాయించిన వరస అది. అది కనిపిస్తే రూటరులో మైన్‌క్రాఫ్ట్ వాడే పోర్టు 25565 తెరిచి ఎన్ని గంటలు కూర్చున్నా వృథా. నెలకి అదనంగా కట్టి సొంత చిరునామా తీసుకోవచ్చు. కొత్త పద్ధతి అయిన ఐపీవీ6 ఉంటే దాని దారిలో రావచ్చు. నేను మాత్రం టెయిల్‌స్కేల్ లాంటి ప్రైవేటు నెట్‌వర్కునే పెడతాను, ఆడేవాళ్ళు తప్ప బయటివాళ్ళకి సర్వరు కనిపించదు.

ఈ జాగ్రత్త అతి అనుకునేవాళ్ళకి 2021 డిసెంబరు గుర్తు చేస్తాను. లాగ్‌ఫోర్‌జే అనే జావా సాఫ్ట్‌వేరులో లోపం బయటపడింది. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క వరస టైపు చేస్తే చాలు, అవతలి సర్వరులో తమకి కావాల్సిన ప్రోగ్రాము నడిపించుకోగలిగారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద సంస్థల్ని వణికించిన ఆ లోపం ముందుగా జనం కళ్ళబడినచోట్లలో పిల్లల ఆటల సర్వర్లు ఉన్నాయి. అప్పటికప్పుడు నేను పెట్టినవన్నీ తిరిగి అప్‌డేట్ చేశాను. ఆట ప్రోగ్రాముకి వేరే యూజరుని పెట్టడం, పేరు రాసినవాళ్ళనే లోపలికి రానివ్వడం, ఇవి లేకుండా నేను ఏ సర్వరూ అప్పగించను.

వజ్రపుకొత్తూరు వైపు ఒక ఇల్లుంది. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు గల్ఫ్‌లో, రెండోవాడు హైదరాబాద్‌లో, చిన్నవాడు ఇంటి దగ్గర చదువుకుంటున్నాడు. సర్వరు ఇంట్లో ఉంది. ముగ్గురూ కలిసి మైన్‌క్రాఫ్ట్‌లో వాళ్ళ ఊరు కడుతున్నారు. చెరువు, గుడి, వాళ్ళ తోట. తుపానుకి పడిపోయిన కొబ్బరి చెట్లని కూడా అవి ఉండాల్సిన చోట్లలోనే నిలబెట్టారు. ఉద్దానం నుంచి కుర్రాళ్ళు బతుకుతెరువుకి ఎక్కడెక్కడికో వెళ్ళిపోతారు. రాత్రి పూట వాళ్ళు కలుసుకునే చోటు సొంత ఇంట్లోనే ఉండటం నాకు గొప్ప సంగతిగా కనిపిస్తుంది. అద్దె సర్వరైతే నెల డబ్బు కట్టకపోతే తీసేస్తారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. జీడి, కొబ్బరి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు విరిగాయి. అంతకు దాదాపు పది నెలల ముందు, 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ తీగలు వచ్చింది కూడా కరెంటు స్తంభాల మీదనే, స్తంభం పడితే రెండూ పోతాయి. తోట పోయిన రైతు ముందు కంప్యూటరు మాట ఎత్తే సమయం కాదది. కానీ అప్పటినుంచి నా పనిలో ఒక నియమం పెట్టుకున్నాను. ఆట లోకం కాపీ ఒకటి ఊరు దాటి ఉండాలి. ఆ ముగ్గురు అన్నదమ్ముల ఇంట్లో సర్వరు రోజూ తెల్లవారుజామున కాపీ తీసి, ఒకటి దానికే తగిలించిన డిస్కులో పెట్టి, ఒకటి హైదరాబాద్‌లో ఉన్న అన్న కంప్యూటరుకి పంపుతుంది.

కాపీ ఉంటే చాలదు, తిరిగి లేవాలి. అందుకే పని ఆఖరి రోజు అసలు లోకాన్ని పక్కకి జరిపి, హైదరాబాద్ కాపీని తెప్పించి, సర్వరుని దానిమీద లేపమని ఇంట్లో కుర్రాడికే చెబుతాను. కమాండ్లు వాడే కొట్టాలి, నేను పక్కన కూర్చుంటాను. చెరువూ గుడీ అన్నీ ఉన్నచోటే ఉన్నాయని వాడు తిరిగి చూసి చెప్పాక, పాస్‌వర్డ్లు ఒక కాగితం మీద రాయించి ఇంటిపెద్దకి ఇప్పిస్తాను. నా దగ్గర ఏదీ ఉంచుకోను. బిల్లు ఆ తర్వాతే తీసుకుంటాను.