పేరులేని మేళము

సోదరీమణులారా, పేరుపొందిన నాటక సమాజములను గూర్చియు, గాయనీమణులను గూర్చియు మనము తఱచుగ చదువుచుందుము. పేరులేని మేళమొకటి ఊరూర తిరిగి ఎట్లు బ్రదికెనో నేడు మేము చెప్పదలచితిమి. మేమనగా అక్కచెల్లెండ్రము ఇరువురము. చిందు భాగవతుల ఇంట పుట్టినవారము. మా మేళమునకు పేరు లేకుండెను. ఏ కంపెనీవారును మా పాటను రికార్డు చేయలేదు. ఏ ఒడంబడిక కాగితముపైనను మా నాయన వ్రాలు చేసి ఎఱుగడు. “చిందోళ్ళొచ్చిండ్రు” అని పిల్లలు కేక వేయుటయే మాకు ప్రకటన.

అయినను కట్టుబాటు లేకపోలేదు. చిందువారిలో ఒక్కొక్క కుటుంబమునకు కొన్ని ఊళ్ళు మిరాసి. ఆ ఊళ్ళలో వేఱొక మేళము ఆడరాదు. మేమును పోక మానరాదు. మాదిగవాడవారు మాకు ధాన్యమో, జొన్నలో, కొంత రొక్కమో ఇచ్చుట వాడుక. వారి కులకథయైన జాంబపురాణమును వారి వాకిట ఆడి చెప్పుట మా విధి. ఇదంతయు నోటిమాట మీదనే తరతరములు నడచినది.

కోతలు ముగిసిన పిదప మేము జగిత్యాల ప్రాంతమునుండి బయలుదేరువారము. ధర్మపురిలో గోదావరీస్నానము చేసి, రాయపట్నము వంతెన దాటి, లక్సెట్టిపేట, మంచిర్యాల వైపునకు పోవువారము. అప్పుడు ఏటికి ఈవల కరీంనగరు జిల్లా, ఆవల ఆదిలాబాదు జిల్లా. 2016లో ఆ రెండును విడిపోయి ఎక్కువ జిల్లాలైనవి. మా పాత త్రోవ ఇప్పుడు జగిత్యాల జిల్లానుండి మంచిర్యాల జిల్లాకు పోవుచున్నది. మేము పదునొకండుగురము. రెండు పెట్టెలు, మద్దెల, హార్మోనియము, తాళములు, తెర, వంటపాత్రలు, ఇదియే మా సంపద. కిరీటములును భుజకీర్తులును పొనికి చెక్కతో చేసినవి. నిర్మల బొమ్మలు చేయునది కూడ ఆ తేలిక చెక్కతోనే. తడిసినచో వాని రంగు లేచిపోవును. కావున త్రోవలో వాన పట్టినప్పుడు మొదట పెట్టెకు గొంగడి కప్పి, మిగిలినది పిల్లలమైన మాకు కప్పెడివారు.

మా మేళములో స్త్రీ వేషములు స్త్రీలే ధరించిరి. నిజామాబాదు ప్రాంతమునకు చెందిన చిందు ఎల్లమ్మగారి పేరు మీలో కొందఱైన వినియుందురు. 2005లో గతించిన ఆమె ఈ కళలో పుట్టి పెరిగిన స్త్రీయే. మా అమ్మకు అట్టి పేరు రాలేదు. ఆమె రాత్రి సీతాదేవి. తెల్లవారగనే మూడు రాళ్ళ పొయ్యి ముందర కూర్చుండి గటుక వండునది. ముఖమున అర్దళపు పసుపు ఇంకను పోకముందే కట్టెలకు పోయెడిది. మా బస చింతచెట్టు క్రిందనో, బడి అరుగుపైననో. కొన్ని ఊళ్ళలో, రాత్రి సీతకు చేతులు జోడించినవారే తెల్లవారి ఆమెను బావిని తాకనీయక, నీళ్ళు ఎత్తి పోసెడివారు. దీనిని అమ్మ మాకు కథగా చెప్పలేదు. మేమే ప్రక్కన బిందె పట్టుకొని చూచితిమి.

1988వ సంవత్సరము మాఘమాసమున లక్సెట్టిపేటకు ఆవలనున్న ఒక ఊరిలో లవకుశ ఆడవలసియుండెను. మాకప్పుడు తొమ్మిదియు ఏడును ఏండ్లు, మేమే లవకుశులము. రంగులు పూసికొని తెర వెనుక నిలిచితిమి. ఆ రాత్రియే ఊరి నడుమ వీడియోలో సినిమా పెట్టిరి. జనమంతయు అటు పోయెను. మా ముందర గొంగళ్ళు కప్పుకొని ఏడుగురు ముసలమ్మలు మాత్రము కూర్చుండిరి. నాయన పెట్టెలు కట్టుమనెను. అప్పుడొక ముసలమ్మ, “మేమేడుగురం మనుషులం గామా బిడ్డా? ఆడుండ్రి” అనెను. అమ్మ మాఱుమాటాడక గజ్జెలు కట్టెను. ఆ ఏడుగురి కొఱకు తెల్లవారుదాక ఆడితిమి; ఒక్క పాటయు విడువలేదు.

తెల్లవారి వారు తలా కొన్ని జొన్నలు తెచ్చి ఒక చాటలో పోసిరి. పదునొకండుగురకు అవి ఒక పూటకు చాలలేదు. అమ్మ ముఖము కడుగుకొనుచు, “పిల్లల బడికి తోలుదాం” అనెను. నాయన చాలసేపు ఊరకుండి, “వీళ్ళు బడికి పోతె లవకుశులెవ్వరు?” అని అడిగెను. “కత మన నోట్లె ఉన్నది. అచ్చరం లేదు. అది వీళ్ళకన్న రావాలె” అని అమ్మ బదులు చెప్పెను.

ఆ వేసవి గడచిన పిదప మమ్ము ప్రభుత్వ వసతిగృహమున చేర్చిరి. మఱుసటేడు లవకుశ ఆడలేదు. పిదప చిన్నాయన బొగ్గుగని పనులకు పోయెను, హార్మోనియము అమ్ముడుపోయెను, 1994లో పెట్టెలకు తాళము పడెను. వీడియో ఒక కారణమే, కాని మేము లేకపోవుటయు ఒక కారణము. మేము చదివితిమి; మేళము ఆగెను. ఈ మాట అమ్మ ఎన్నడును అనలేదు గాని మేమెఱుగుదుము.

ఇప్పుడు మేమిరువురమును కరీంనగరులో ఉద్యోగములు చేసికొనుచున్నాము. అమ్మకు వచ్చిన కథలను వ్రాసికొందమని పోయిన ఏడు నోటుపుస్తకములు కొని, ఆమెను మంచముపై కూర్చుండబెట్టి చెప్పుమంటిమి. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయెను. అక్షరమెఱుగని ఆ తల్లికి కథ నాలుక మీద లేదు, అడుగులో ఉన్నది. మంచము ప్రక్కకు జరిపి, పెట్టె తీసి, మోకాళ్ళు నొచ్చునని తెలిసియు గజ్జెలు కట్టితిమి. నాలుగు చిందులు వేయగనే మాటలు తమంత తామే వచ్చెను. ఒకరము ఆమె చేయి పట్టుకొంటిమి, ఒకరము వ్రాసితిమి. ఇప్పటికి మూడు కథలు పూర్తియైనవి. అట్టపై నీ పేరు వ్రాయుదుమా యని అడుగగా, “పేరెందుకు బిడ్డా, ముందుగాల కత రాయుండ్రి” అనెను. అయినను వ్రాసితిమి.

సోదరీమణులారా, ఏ జాతరలోనైనను పేరులేని మేళమొకటి మీ కంటబడినచో, దయచేసి కొంతసేపు కూర్చుండుడు. పైకము ఇచ్చుట మీ శక్తికొలది. వారి స్త్రీలకు మాత్రము బావినుండి నీళ్ళు తమ చేతితో తోడుకొను చోటు చూపుడు. ఆ ఏడుగురు ముసలమ్మల పేర్లు మాకు తెలియవు. వారు కూర్చుండిరి గనుకనే ఆ రాత్రి మేము ఆడితిమి.